దుకల్హిన్ చదువు

పెళ్ళయ్యేనాటికి దుకల్హిన్‌కు ఒక్క అక్షరం రాదు. నేను మూడో తరగతి దాకా చదివాను. ఆ మూడు తరగతుల గొప్ప చూపించుకుంటూ చాలా రోజులు బతికాను.

ఆమె కరువు ఏడాది పుట్టింది, అందుకని దుకల్హిన్. నాకన్నా ముందు పుట్టిన ఇద్దరూ పురిట్లోనే పోయారు. నా పేరు వింటే యముడు ముక్కు మూసుకుని పక్కదారి పట్టాలని మా అమ్మ నాకు ఘుర్వా అని పెట్టింది. ఘుర్వా అంటే పెంటకుప్ప. మా పెళ్ళిలో ఆడవాళ్ళు "కరువొచ్చి పెంటకుప్ప మీద పడింది, ఇంక పండినట్టే మీ పంట" అని పాట కట్టి పాడారు. అందరికంటే గట్టిగా నవ్వింది పెళ్ళికూతురే.

మాది మహానది ఒడ్డున సేమర్డీహ్. మమ్మల్ని రామనామీలంటారు. మా ముత్తాతల కాలంలో మావాళ్ళను గుడి మెట్టు కూడా తొక్కనిచ్చేవారు కాదు. మీ మెట్లు మీ దగ్గరే ఉంచుకోండని వాళ్ళు ఒంటినే గుడి చేసుకున్నారు. సూదితో, దీపపు మసితో, రాముడి పేరు ఒళ్ళంతా పొడిపించుకున్నారు. మా రాముడికి విగ్రహం లేదు, పూజారి లేడు. పేరుంది, కథ ఉంది, కథ పాడుకోవడానికి చేత్తో పట్టుకుని నేలకు తట్టే గజ్జెలున్నాయి. అంతే మా ఆస్తి.

మా అయ్య కేజూరామ్ గోటి నుంచి నెత్తి దాకా పొడిపించుకున్న మనిషి. కనురెప్పల మీద కూడా పేరు ఉండేది. నాకు నుదుటి మీద ఒక్కటంటే ఒక్కటే. ఆ రోజు నేను ఏడ్చిన ఏడుపు నది అవతలి ఊరికి వినిపించిందని ఇప్పటికీ చెప్పుకుంటారు.

కొత్తకోడలికి మా అమ్మ ఇచ్చిన మొదటి పని శాలువాలు రాయడం. తెల్లగుడ్డ నేల మీద పరిచి, వెదురుపుల్లను నల్లరంగులో ముంచి, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా రామ రామ అని రాయాలి. దుకల్హిన్ ముగ్గు వేసినట్టు వేసుకుంటూ పోయేది. మూడో శాలువా మీద ఉండగా ఒక మధ్యాహ్నం పుల్ల ఆపి నన్ను పిలిచింది.

"ఇటు రా. ఇందులో రా ఏది, మ ఏది?"

"నీకెందుకు? గీస్తున్నావు కదా, గియ్యి."

"ఏం గీస్తున్నానో తెలీకుండా గీకడానికి నేనేమన్నా పెంట కెలికే కోడినా?"

చూపించాను. ఆమె వేలితో ఆ రెండక్షరాల మీదా మళ్ళీ మళ్ళీ రాసి చూసుకుంది.

"ఇంకెన్ని ఉన్నాయి ఇట్లాంటివి?"

"బోలెడు."

"నీకన్నీ వచ్చా?"

"వచ్చు" అన్నాను. అది అబద్ధం. ఒత్తులు నాకు ఇప్పటికీ సరిగ్గా రావు.

ఏడాది తిరిగేసరికి నాకు తెలిసిందంతా నా దగ్గర లాగేసుకుంది. ఆ తర్వాత మా అయ్యను పట్టుకుంది. మామగారి ఎదుట కోడలు ముసుగు తీయకూడదు కాబట్టి ఆయన అరుగు మీద, ఆమె తలుపు వెనక. ఆయన ఇవతలి నుంచి అక్షరం వంపులు చెప్పేవాడు, ఆమె అవతల బొగ్గుముక్కతో నేల మీద రాసేది. "కోడలా, వచ్చిందా?" అని ఆయన అరిస్తే "వచ్చింది మామా, తోక ఎటు తిప్పాలి?" అని ఆమె అరిచేది. దారిన పోయేవాళ్ళు ఆగి నవ్వుకునేవారు. మా అయ్యకు పట్టేది కాదు.

మాకు చాలా ఏళ్ళకు ఒక ఆడపిల్ల పుట్టింది. అంతకు ముందు రెండు కాన్పులు నిలవలేదు. అందుకని ఈ పిల్లను పుట్టగానే పక్కింటావిడకు చాటెడు తవుడుకు అమ్మి, మళ్ళీ కొనుక్కున్నాం. కొనుక్కున్న పిల్ల అని బిసాహిన్ అని పేరు పెట్టాం. దానికి రెండేళ్ళు నిండగానే మా అయ్య దాని నుదుటి మీద పేరు పొడిపించాడు. అది నాకంటే నయం, కాసేపు ఏడ్చి ఊరుకుంది.

ఊళ్ళో పని లేని నెలల్లో మేం అలహాబాదు వైపు ఇటుకబట్టీలకు పోయేవాళ్ళం. బిసాహిన్‌కు నాలుగేళ్ళప్పుడు కూడా పోయాం. అక్కడ దానికి జ్వరం పట్టుకుంది. మూడో రోజుకు మాట పడిపోయింది. బట్టీ నుంచి ఆసుపత్రి చాలా దూరం. బస్సు ఎక్కాం. సగం దారిలో, మిట్టమధ్యాహ్నం, దుకల్హిన్ నా వైపు తిరిగి "ఇంక దిగుదాం" అంది. నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. రోడ్డు పక్కన ఆవాల చేను. పూలు పూసి ఉంది. ఆ చేను యజమాని ముసలాయన గట్టు మీద చోటు చూపించి, గునపం తనే తెచ్చి ఇచ్చాడు. ఆయన పేరు కూడా అడగలేదు నేను.

బట్టీకి తిరిగి వెళితే మేస్త్రీ "రేపట్నుంచి పనిలోకొస్తారుగా?" అన్నాడు.

వానలకు ముందు ఊరికి వచ్చాం. నేను పాడటం మానేశాను. సాయంకాలం మా వాకిట్లో నలుగురూ కూడి గజ్జెలు అందుకుంటే లేచి నది వైపు పోయేవాణ్ణి. ఒకరోజు ఆగలేక అందరి ముందే మా అయ్యను అడిగేశాను.

"అయ్యా, పసిపిల్లను ఏడిపించి మరీ దాని నుదుట పేరు పొడిపించావే. ఏం చేసిందా పేరు?"

మా అయ్య దగ్గర ఏ ప్రశ్నకైనా ఒకటే జవాబు, పడవ కథ. అదే మొదలుపెట్టాడు. ఒక ఏడాది మహానది పొంగిన వేళ, నడి నదిలో పడవ చిక్కుకుంది. అందులో మావాళ్ళూ ఉన్నారు, మమ్మల్ని మెట్టు తొక్కనివ్వని వాళ్ళూ ఉన్నారు. సరంగు చేతులెత్తేశాడు. పెద్దకులాలవాళ్ళు తమకు తెలిసిన దేవుళ్ళందరినీ పిలిచి అలసిపోయి, చివరికి మావాళ్ళ వైపు చూశారు. మావాళ్ళు గజ్జెలు తీసి పేరు పాడారు. నది ఆగింది. పడవ ఒడ్డు చేరింది. అప్పటి నుంచే మేం ఏటా ఒక్కో ఒడ్డున మేళా చేసుకుంటాం.

"నువ్వు చూశావా?" అన్నాను.

"మా అయ్య చూశాడు."

"ఆయన పడవలో ఉన్నాడా?"

"ఒడ్డున ఉన్నాడు."

"ఒడ్డున నిలబడ్డ వాళ్ళకు ఏవైనా కనబడతాయి."

మా అయ్య గజ్జెలు ఒళ్ళో పెట్టుకుని వాటి కేసి చూస్తూ కూర్చున్నాడు. ముసలాయన్ని అంత మాట అన్నందుకు సిగ్గేసింది గానీ వెనక్కి తీసుకోలేదు. అప్పుడే తలుపు వెనక నుంచి దుకల్హిన్ గొంతు వినిపించింది.

"మామా, సోన్‌కువర్ అవ్వకు కబురు పంపండి. నా మొహమంతా పొడిపించుకుంటాను. ఒళ్ళంతా."

మర్నాడు చేలో ఆమెతో గొడవపడ్డాను.

"నీకేమైనా మతిపోయిందా? బిడ్డను కాపాడలేని పేరు నీకెందుకే?"

"కాపాడుతుందని నేననుకోలేదు. సూదిమందు కాపాడేది. అది మనకందలేదు."

"మరి ఇదెందుకు?"

దుకల్హిన్ కొడవలి పక్కన పెట్టి గట్టు మీద కూర్చుంది. "బట్టీలో మనల్ని ఏమని పిలిచేవాళ్ళు? 'ఏయ్ బిలాస్‌పురియా' అని. మన వైపు నుంచి పోయిన అందరికీ అదే పిలుపు, గొర్రెల మందను పిలిచినట్టు. బిడ్డ పోతే మేస్త్రీ ఏమన్నాడో విన్నావుగా. నిజం చూసుకుంటే మనం అంతే, ఇటుకలు మోసే నాలుగు చేతులం. ఆ నిజం పట్టుకుని నేను పొద్దున్నే పక్క మీంచి లేవలేకపోతున్నాను, బిసాహిన్ అయ్యా. మామ చెప్పే కథలో మనం అంతే కాదు. అందులో మనం పాడితే నది ఆగింది."

"ఆగలేదేమో."

"ఆగలేదేమో. లేవడానికి నాకొక ఆసరా కావాలి. నీ దగ్గర ఇంకోటుంటే ఇయ్యి, అదే పట్టుకుంటా."

నా దగ్గర లేదు.

సోన్‌కువర్ అవ్వ మూడు ఉదయాలు మొహం పొడిచింది. కిరోసిన్ దీపం మీద బోర్లించిన కుండ నుంచి మసి గీకి నీళ్ళలో కలిపి, రెండు సూదులు దారంతో కట్టి, నుదురు, చెంపలు, ముక్కు, గడ్డం, కనురెప్పలు. నేను పక్కనే కూర్చుని గుడ్డతో రక్తం అద్దుతూ ఉన్నాను. ఆమె ఒక్కసారి కూడా చెయ్యి విదిలించలేదు. అవ్వే ఉండబట్టలేక "ఏడ్చెయ్యవే తల్లీ, ఎవరూ ఏమనరు" అంది. "ఏడుపు అక్కడ ఆవాల చేలో అయిపోయిందవ్వా" అంది దుకల్హిన్. వారం రోజులు కళ్ళు తెరవలేకపోయింది. చద్దన్నం నీళ్ళు గరిటతో తాగించాను. మిగతా ఒళ్ళు మూడేళ్ళ మీద, వీలు దొరికినప్పుడల్లా.

మొహం మానాక మా అయ్య దగ్గరున్న రామకథ పుస్తకం తీసుకుంది. అట్ట ఊడిపోయి, గుడ్డలో చుట్టి ఉండేదది. పొద్దున్నే వంట ముగించి, చేలోకి వచ్చే లోపు ఒక పేజీ చదివేది. అందులో ఆమె వెతికేది ఒకటే. బిడ్డ పోయినవాళ్ళు ఆ కథలో ఎవరైనా ఉన్నారా అని. ఒకరోజు నేను నాగలి పట్టుకుని ఉంటే గట్టు మీది నుంచి కేకలేసుకుంటూ వచ్చింది.

"ఏమయ్యో! ఎద్దుల్నాపు. దొరికాడు!"

"ఎవరే?"

"రాజు! అంత కోట, ముగ్గురు పెళ్ళాలు, ఇంటినిండా వైద్యులు. కొడుకు అడవికి పోతేనే ప్రాణం వదిలేశాడు. చచ్చిపోలేదయ్యా కొడుకు, బతికే ఉన్నాడు! అయినా తట్టుకోలేకపోయాడు. మనం బిడ్డను మట్టిలో పెట్టొచ్చి మర్నాడు ఇటుకలు మోశాం. రాజు కంటే గట్టివాళ్ళం మనం, తెలుసా నీకు?"

బిడ్డ పోయాక ఆమె నవ్వడం అదే మొదటిసారి. మొహమంతా ఉన్న పేర్లన్నీ ఆ నవ్వుకు కదిలాయి. నేను కూడా నవ్వాను. తర్వాత నాగలి మీద తల పెట్టుకుని చాలాసేపు ఏడ్చాను. ఆమె నా వీపు మీద చెయ్యి వేసి నిలబడింది. ఎద్దులు ఎటూ పోకుండా అట్లాగే నిల్చున్నాయి.

పుస్తకం ఆమె వదల్లేదు. ముసుగు వేసుకుని వాకిట్లో ఒక మూల కూర్చుని మగవాళ్ళతో పాటు పాడటం మొదలుపెట్టింది. ఆమె గొంతు కొంచెం బొంగురు, కానీ తాళం తప్పేది కాదు. మా అయ్య ఎక్కడైనా పదం మరిచిపోతే అందించేది. "కోడలు నా ఊతకర్ర" అని ఆయన అందరికీ చెప్పుకునేవాడు.

అట్లా నాలుగైదేళ్ళు పోయాక, ఒక రోజు పుస్తకం తెరిచి పట్టుకుని నేరుగా అరుగు మీదికి వచ్చింది. ముసుగు లేదు.

"మామా, ఇక్కడేముందో మీకు తెలుసా?"

మా అయ్య పేజీ చూశాడు. దగ్గాడు.

"దగ్గకండి మామా. తెలుసా, తెలీదా?"

మాలాంటి కులాలవాళ్ళనూ ఆడవాళ్ళనూ దండించి అదుపులో పెట్టాలని చెప్పే పాదం అది. నాకు అప్పటిదాకా తెలియదు. పాడేటప్పుడు ఎప్పుడూ వినలేదు.

"తెలుసు తల్లీ" అన్నాడు మా అయ్య. "మా అయ్యకూ తెలుసు. ఆ చోటు రాగానే ఆయన దగ్గేవాడు. నేనూ దగ్గి పేజీ తిప్పేస్తాను. పక్కూరి ఫిరతూరామ్ అయితే సరిగ్గా అక్కడే ముక్కుపొడుం పీల్చి తుమ్ముతాడు."

"ఇన్నేళ్ళూ దగ్గుతూ తుమ్ముతూ దాటేశారా?"

"మరేం చెయ్యమంటావు? పెద్దలు రాసింది."

"ఒంటి మీద పేరు పొడిపించుకున్న రోజు ఏ పెద్దల్ని అడిగారు మామా?"

మా అయ్య మళ్ళీ దగ్గబోయి ఆగాడు.

"దొంగతనానికి వచ్చినట్టు దగ్గి దాటొద్దు. ఇది మాది కాదని చెప్పి దాటండి. మీకు నోరు రాకపోతే నేను చెబుతాను."

ఆ వారం నుంచే చెప్పింది. ఆ చోటికి రాగానే గజ్జెలు నేలకు మూడుసార్లు తట్టి, "ఈ పాదం మాది కాదు" అని పైకే అని, తర్వాతి పాదం ఎత్తుకునేది. ముగ్గురు మగవాళ్ళు కోపం వచ్చి మా వాకిట్లోకి రావడం మానేశారు. ఆడదానికి చదువెందుకు చెప్పావని మా అయ్య మీద పంచాయితీ పెట్టారు. మా అయ్య పంచాయితీలో ఒకటే మాట అన్నాడు: "నేను అరవై ఏళ్ళు దగ్గాను. నా గొంతు నొప్పెట్టింది. ఇంక దగ్గను." ఆర్నెల్లకు ఆ ముగ్గురూ తిరిగొచ్చారు. ఆమె లాగా పదం అందించేవాళ్ళు వాళ్ళకు ఎక్కడా దొరకలేదు మరి.

మేళా మా ఊరికి వచ్చిన ఏడాది మా అయ్యకు డెబ్భై దాటాయి. పుష్యమాసం, కోతలయిపోయాయి. పొలంలో తెల్లటి స్తంభం కట్టి, దాని మీద చుట్టూ పేరు రాశాం. ఆ రాత సగం దుకల్హిన్ చేతిదే. నది రెండొడ్ల నుంచీ జనం బళ్ళ మీద, లారీల మీద వచ్చారు. ఎటు చూసినా పేరు రాసిన శాలువాలు, నెమలీకల కిరీటాలు, గజ్జెల చప్పుడు. నేను అప్పటికి పన్నెండేళ్ళుగా పాడలేదు కాబట్టి నన్ను వంట దగ్గర పెట్టారు. పెద్ద పెద్ద గుండిగల్లో పప్పు కలపడం నా పని.

రెండో రోజు పట్నం నుంచి ఒక మహరాజ్ వచ్చాడు. ఊరూరా రామకథ చెప్పే పండితుడు, పెద్ద పేరున్నవాడు. ఎవరు పిలిపించారో నాకు సరిగ్గా తెలియదు. ఆ ఏడాది ఎన్నికలుండటంతో చాలామందికి మేం గుర్తొచ్చాం. ఆయనకు చెక్కబల్లలతో వేదిక కట్టారు, మైకు పెట్టారు. ఆయన చెడ్డవాడేం కాదు. గొంతు బాగుంది. ముందు మమ్మల్ని మెచ్చుకున్నాడు. ఇంత భక్తి నేనెక్కడా చూడలేదన్నాడు. ఆ తర్వాత నెమ్మదిగా అసలు మాటకొచ్చాడు.

"కానీ నాయనలారా, ఒక బాధ. మీరు కథలో పాదాలు వదిలేసి పాడతారని విన్నాను. అది మహాపాపం. కథను పెద్దలు ఎట్లా ఇచ్చారో అట్లాగే తీసుకోవాలి. మీకు నచ్చింది ఉంచుకుని నచ్చనిది కోసేస్తే అది రామకథ కాదు, మీరు అల్లుకున్న కట్టుకథ. ఇంకొకటి. పేరు గుండెలో ఉండాలి గానీ ఈ చర్మం మీద ఎందుకు? దేవుడిచ్చిన ఒంటిని పాడుచేసుకోవడం ఎందుకు?"

మైదానమంతా గజ్జెలు ఆగిపోయాయి. మూడు వేల మంది ఉన్న చోట ఎవరో పసిపిల్ల ఏడుపు మాత్రం వినబడింది. పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎక్కడో ఒకాయన దగ్గాడు. దగ్గు వినగానే నాకు అర్థమైపోయింది, ఇంక ఈవిడ ఆగదని.

గరిటె పట్టుకునే పరిగెత్తాను. నేను చేరేసరికి దుకల్హిన్ ఆడవాళ్ళ మధ్య నుంచి లేచి వేదిక ముందుకు నడిచి పోతోంది. నెత్తి మీద కిరీటం లేదు, చేతిలో గుడ్డలో చుట్టిన పుస్తకం ఉంది.

"మహరాజ్, దండాలు. చర్మం మీద ఎందుకన్నారు కదా. గుండెలో పెట్టుకుంటే మీరు చూడలేరు కదా, అందుకు. మమ్మల్ని దూరం నుంచి చూసి మొహం తిప్పుకునేవాళ్ళు ముందుగా రాముడి నుంచి మొహం తిప్పుకోవాలని మా తాతలు ఈ ఏర్పాటు చేశారు."

జనంలో ఒక్కసారిగా నవ్వులు లేచాయి. మహరాజ్ కూడా చిరునవ్వు నవ్వాడు.

"బాగా చెప్పావమ్మా. మరి పాదాల సంగతి?"

"కట్టుకథ అన్నారు. కావచ్చు మహరాజ్. నేను వాదించను. నా బిడ్డ నాలుగేళ్ళది, బస్సులో నా ఒళ్ళోనే పోయింది. ఆ రోజు నాకు నిజం కావలసినంత దొరికింది. ఆ నిజంతో మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. ఈ కథే నన్ను లేపి నిలబెట్టింది. నన్ను నిలబెట్టిన కథ నన్ను కొట్టమని చెబుతుందా? చెప్పదు. నేను శాలువాలు రాస్తాను. ఒక్కోసారి చెయ్యి జారి మరక పడుతుంది. ఆ మరకను కూడా పేరే అనుకుని దండం పెట్టం. అట్లాగని శాలువా పారెయ్యం. మరకను మరక అంటాం, శాలువా కప్పుకుంటాం. ఎవరో రాసేవాడికి చెయ్యి జారింది. అంతే."

"ఏ పాదమమ్మా నువ్వు చెప్పేది?"

ఆయన అది తెలియక అడగలేదనుకుంటాను. అయినా ఆమె గుడ్డ విప్పి, పేజీ తీసి, రెండు చేతులతో పైకి అందించింది.

"ఇదిగో. మీరు చదవండి మహరాజ్. మీ గొంతు బాగుంది. మైకులోనే చదవండి. ఒక్కటే కోరిక, నా మొహం చూసి చదవండి."

ఆయన పుస్తకం అందుకున్నాడు. కళ్ళద్దాలు సర్దుకున్నాడు. పేజీ చూశాడు, ఆమెను చూశాడు. ఆ మొహం మీద నుదుటి నుంచి గడ్డం దాకా రాముడి పేరు తప్ప ఇంకేమీ లేదు. మళ్ళీ పేజీ చూశాడు. మైకులో ఆయన ఊపిరి వినిపిస్తోంది. నా గరిటె మీది పప్పు కారి మోచేతి దాకా వచ్చి ఎండిపోయింది.

"నేను చదవలేనమ్మా" అన్నాడు చివరికి.

"ఎందుకు మహరాజ్? అక్షరాలు చిన్నవిగా ఉన్నాయా?"

ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. "అక్షరాలు బానే కనబడుతున్నాయి" అని పుస్తకం మూసి, కళ్ళకద్దుకుని, వంగి ఆమె చేతుల్లో పెట్టాడు.

అప్పుడు మా అయ్య లేచాడు. ఇద్దరు పట్టుకుంటే గానీ లేవలేని మనిషి, కిరీటం సవరించుకుని, నేల మీద గజ్జెలు మూడుసార్లు తట్టాడు. "ఆ పాదం మాది కాదు" అన్నాడు. ఫిరతూరామ్ తట్టాడు. ఆ తర్వాత ఎవరు ముందో ఎవరు వెనకో తెలియదు, మైదానం మైదానమంతా మూడుసార్లు తట్టింది. నా కాళ్ళ కింద నేల అదిరింది. తర్వాతి పాదం దుకల్హిన్ ఎత్తుకుంది, మూడు వేల గొంతులు అందుకున్నాయి.

మహరాజ్ వేదిక దిగి ఒక పక్కన గడ్డి మీద కూర్చున్నాడు. గంట సేపు విన్నాడు. వెళ్ళేటప్పుడు ఆమెను "చదువు ఎక్కడ నేర్చుకున్నావమ్మా?" అని అడిగాడు. "మా మామ దగ్గర, తలుపు వెనక" అంది. తన ఊళ్ళో మా గురించి ఆయన ఏమని చెప్పాడో నాకు తెలియదు. మళ్ళీ ఎప్పుడూ మా వైపు రాలేదు.

నేను వదిలేసి పోయిన పప్పు అడుగంటిపోయింది. ఆ రోజు జనమంతా మాడిన పప్పే తిన్నారు. ఒక్కరూ వంక పెట్టలేదు సరికదా, "ఇట్లాంటి పప్పు ఏ మేళాలోనూ తినలేదు ఘుర్వా" అని ఎగతాళి చేస్తూ రెండోసారి వడ్డించుకున్నారు.

మూడో రోజు పొద్దున నేను మా అయ్య పక్కన కూర్చుని గజ్జెలు అడిగాను. ఆయన తనవే తీసి ఇచ్చాడు. నాకు ఉన్నట్టుండి నమ్మకం కలిగిందని చెప్పను. నది ఆగిందో లేదో నాకు ఈనాటికీ తెలియదు. కానీ ఆ ముందురోజు నా కళ్ళ ముందు ఒక కథ జరిగింది. నేను ఒడ్డున లేను, దాని మధ్యలోనే ఉన్నాను. అందులో నాకు కూడా చోటు కావాలనిపించింది. గొంతు తుప్పుపట్టి పోయింది, తాళం రెండుసార్లు తప్పాను. దుకల్హిన్ ఆడవాళ్ళ వైపు నుంచి చూసి కళ్ళతోనే కసిరింది.

మా అయ్య ఆ వేసవిలో పోయాడు. ఆయన పుస్తకం ఆమెకు, గజ్జెలు నాకు వచ్చాయి. మా వాకిట్లో ఇప్పుడు మధ్యాహ్నాలు ఆడపిల్లలు, కోడళ్ళు శాలువాలు పరుచుకుని కూర్చుంటారు. ముందు రా, తర్వాత మ, ఆ తర్వాత మిగతావన్నీ. తలుపు వెనక ఎవరూ కూర్చోరు. ఒత్తుల దగ్గర నేను తప్పు చెబితే పిల్లలే దిద్దుతారు.

మరుసటి ఏడాది మేళా అవతలి ఒడ్డున. ఆ ఊరి పెద్దలు నెల ముందే మా ఇంటికి వచ్చి, మొదటి రోజు పాట దుకల్హిన్ ఎత్తుకోవాలని కొబ్బరికాయ పెట్టి పిలిచారు. ఆడమనిషిని అట్లా పిలవడం మా ఒడ్డునా వాళ్ళ ఒడ్డునా అంతకు ముందు నేనెరగను. ఆమె కిరీటం పెట్టె, శాలువాల మూట, చద్దిమూట నేనే మోసుకుని వెళ్ళాను. జనం ఆమె చుట్టూ మూగి లోపలికి తీసుకుపోయారు. నేను మూటలతో వెనకబడిపోయాను. పందిరి వాకిట్లో కర్ర పట్టుకుని నిలబడ్డ కుర్రాడొకడు నన్ను ఆపాడు.

"తాతా, ఇది పెద్దలు కూర్చునే చోటు. ఎవరు నువ్వు?"

నేను మూటలు కింద పెట్టి, నిటారుగా నిలబడి చెప్పాను.

"దుకల్హిన్ మొగుణ్ణిరా."

వాడు కర్ర పక్కన పడేసి నా మూటలు అందుకున్నాడు.